మెడలో మౌనం బోర్డు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నా గొంతుకు యూనివర్సిటీ క్యాంపస్‌లో మంచి గిరాకీ ఉండేది. మైకు పాడైతే నన్ను పిలిచేవారు. జనరేటర్‌లో డీజిల్ అయిపోయినా నన్నే పిలిచేవారు. ఊరేగింపు ముందు నడుస్తూ నేను ఒక్క నినాదం ఎత్తుకుంటే చివరి వరస దాకా అందుకునేవారు. నేను తార్నాక చౌరస్తాలో అరిస్తే లాలాపేట్‌లో మా చిన్నమ్మ స్టవ్ తగ్గించి వింటుందని మా దోస్తు కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. మా చిన్నమ్మ ఉండేది మల్కాజ్‌గిరిలో. ఆ సంగతి వాడికీ తెలుసు.

గొంతుతో పాటు కోపం కూడా పెద్దదే. ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఆపమన్న చోట బస్సు ఆపని డ్రైవర్ మీద, పప్పులో ఉప్పు మరిచిపోయిన మెస్సు వంటాయన మీద, టీవీ చర్చల్లో కూర్చుని మా బాధ గురించి మాకే చెప్పే పెద్దమనుషుల మీద అరిచేవాణ్ని. టీవీలో ఉన్నవాళ్లకు నేను వినబడనని తెలిసినా అరిచేవాణ్ని.

అప్పుడు నేను పరిశోధన విద్యార్థిని. పొద్దున పూట లాలాపేట్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేవాణ్ని. హాస్టల్లో రాత పని సాగక తార్నాకలో ఒక మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. కృష్ణా జిల్లా నుంచి పెళ్లయిన కొత్తలో భర్తతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవురాలు. మిషన్ స్కూల్లో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. గుమాస్తాగా చేసిన భర్త పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. చర్చిలో పాటలు పాడే క్వయర్‌ను ఆమే నడిపేది. వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనేది. నేనూ అలాగే పిలిచేవాణ్ని.

సాయంత్రం పూట మా ఇద్దరికీ ఒక అలవాటుండేది. ఆమె గేటు దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ ఉండేది. నేను క్యాంపస్ నుంచి రాగానే పేపర్లో ఏదో ఒక ముక్క పట్టుకుని మొదలుపెట్టేది.

"ఏవయ్యా, ఇవాళ కూడా బస్సులు ఆపేశారంట కదా. నేను కూరగాయలకి ఎలా వెళ్లను?"

"యాభై ఏండ్ల సంది మేం ఆగినం టీచరమ్మా. మీరొక్క పూట ఆగలేరా?"

"నిన్ను నేనాపానా?"

"మీరు గాదు. మీ వోళ్లు."

"మా వాళ్లంటే ఎవరయ్యా? నాకున్నది మా చెల్లెలి కొడుకొక్కడు. వాడు ఊళ్లో గేదెల్ని చూసుకుంటున్నాడు. వాడాపాడా నిన్ను?"

అక్కడి నుంచి మాటల్లోకి నీళ్లు వచ్చేవి, ఉద్యోగాలు వచ్చేవి, నేను పుట్టకముందు కుదిరిన ఒప్పందాలు కూడా వచ్చేవి. నా గొంతు పెరుగుతూ పోయేది. ఆమె గొంతు ఉన్నచోటే ఉండేది. చివరికి "అన్నం తిన్నావా?" అని అడిగి లోపలికి వెళ్లిపోయేది. నేను గెలిచానో ఓడిపోయానో తెలియక ఇంకా మండిపోయేవాణ్ని.

అలాంటి గొంతు ఒకనాడు పొద్దున క్లాసులో పోయింది. అప్పటికి కొన్నాళ్లుగా బొంగురుగానే ఉంది. అయినా ఊరేగింపులు మానకుండా వేడినీళ్లు తాగి నెట్టుకొస్తున్నాను. ఆ రోజు హాజరు పిలవబోతే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్లలు ముందు నవ్వారు, తరవాత జాలిపడ్డారు. నవ్వినందుకు కాదు గాని జాలిపడ్డందుకు చాలా బాధేసింది.

మా దోస్తు నన్ను గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నోట్లోకి చిన్న అద్దం పెట్టి చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. పాఠాలు చెబుతానని గాలితోనే అన్నాను. ఇంకేం చేస్తారన్నాడు. సరిగ్గా అప్పుడే కిటికీ కింద నుంచి నినాదాలిస్తూ ఒక ఊరేగింపు పోతోంది. ఆయన కిటికీని చూసి, నన్ను చూసి, ఇక ఏమీ అడగలేదు. లోపల బాగా వాచిందన్నాడు. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుసలు అసలే పనికిరావన్నాడు. వినకుండా అరిస్తే ఆపరేషన్ దాకా పోతుందనీ, ఆ తరవాత క్లాసు నిండే గొంతు వస్తుందని తాను మాటివ్వలేననీ చెప్పాడు. నాకు పాఠం చెప్పడం తప్ప వేరే బతుకుతెరువు రాదు. మెట్లు దిగుతూ ఆయన రాసిచ్చిన చీటీని మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

టీచరమ్మకు డాక్టరు చీటీ చూపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నువ్వు మెడ నరాలతో అరుస్తావయ్యా. నేను రోజూ వింటూనే ఉన్నా కదా. మా క్వయర్‌లో కుర్రాళ్లని ఇలా అరవనిస్తే క్రిస్మస్ నాటికి ఒక్కడూ మిగలడు. పొద్దున్నే కిందికి రా."

పొద్దున్నే పోయాను. నన్ను వరండాలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద కందిపప్పు పొట్లం పెట్టింది. గాలి పీలిస్తే పొట్లం లేవాలి, వదిలితే దిగాలి, అంతే పని. తీరా చూస్తే నా పొట్లం కదలడం లేదు, భుజాలు మాత్రం చెవుల దాకా లేస్తున్నాయి. ఆమె నా భుజం మీద వేలితో కొట్టింది.

"కోపమొచ్చినా భయమేసినా మనిషికి ఊపిరి ఇక్కడే ఆగిపోతుంది. దాన్ని కిందికి దింపు."

ఆ తరవాత సగం గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా ఇచ్చింది. చప్పుడు లేకుండా గాలి ఒక్కటే ఊదుతూ బుడగలు తెప్పించాలి. అవి ఒకే తీరుగా రావాలి. మధ్యలో ఎగిసిపడితే కోపంగా ఊదినట్టు లెక్క. ఆపైన మెడను మెల్లగా అటూ ఇటూ తిప్పడం, దవడను వదులుగా వేలాడేయడం. అన్నిటికన్నా ముఖ్యం ఆవలింత. నిద్ర రాకపోయినా నోరంతా తెరిచి నిదానంగా ఆవలించాలి. గొంతు లోపలి బిగువు వదలడానికి దాన్ని మించింది లేదంది. క్యాంపస్‌ను దద్దరిల్లజేసినవాణ్ని పొద్దున్నే గ్లాసులో బుడగలు ఊదుతూ, ఊరికే ఆవలిస్తూ కూర్చున్నాను. నా మీద నాకే నవ్వొచ్చింది, నవ్వడానికి కూడా వీల్లేదు.

అంతలో పక్కింటాయన గోడ మీదుగా పలకరించాడు. ఎదురింటావిడ ఏమైందని అడిగింది. చేతులతో చెప్పలేక చస్తున్నాను. టీచరమ్మ లోపలికి పోయి బీరువాలోంచి ఒక అట్ట తెచ్చింది. స్కూల్లో పిల్లలు అల్లరి చేసినప్పుడు ఎత్తి చూపించేదట. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'మౌనం' అని రాసి ఉంది. రిబ్బన్ కట్టి నా మెడలో వేసింది. ఇది చూస్తే ఇంకెవరూ కదిలించరంది. ఆమెకు స్కూలు తెలుసు, చర్చి తెలుసు. అప్పటి మా క్యాంపస్ సంగతి మాత్రం తెలియదు.

క్యాంపస్‌లో అప్పుడు రిలే దీక్షల టెంటు ఉండేది. రోజుకు కొందరు చొప్పున మెడలో అట్టలు వేసుకుని కూర్చునేవారు. నిరసనకు పనికిరాని పనంటూ ఆ రోజుల్లో లేదు. రోడ్డు మీద పొయ్యి పెట్టి వండి తినేవారు, చౌరస్తాలో కబడ్డీ ఆడేవారు. ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లున్నారు, వెనక్కి నడిచినవాళ్లున్నారు, సగం మీసం తీయించుకుని తిరిగినవాళ్లూ ఉన్నారు. మెడలో అట్టతో వచ్చిన మనిషికి గొంతు నొప్పి ఉంటుందని అక్కడ ఎవరికి తడుతుంది? టెంటులో అడుగుపెట్టానో లేదో ఒక జూనియర్ నా మెడలో బంతిపూల దండ వేశాడు. ఇంకొకడు మైకు అందుకున్నాడు.

"మన అన్న ఇయ్యాల్టి సంది మౌన దీక్షకు కూసుంటున్నడు."

నేను కాదని తల అడ్డంగా ఊపాను. "సూడుండ్రి, పేరు గూడ వద్దంటున్నడు అన్న," అన్నాడు మైకులోనే. చప్పట్లు మోగాయి. రెండు చేతులూ పైకెత్తి ఆపమన్నాను. ఫోటో తీస్తున్న విలేకరి చేతులు అట్లనే ఉంచమన్నాడు.

డాక్టరు దగ్గరికి నాతో వచ్చిన దోస్తు జనంలో కనబడ్డాడు. బతికానురా అనుకున్నాను. వాడు వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"సప్పుడు జేయకు. ఇయ్యాల కూసునేటోళ్లు ఇద్దరే దొరికిన్రు. టెంటు ఖాళీగుంటే ఇజ్జత్ పోతది. నువ్వు ఇంటికాడ గూడ మాట్లాడవు గదా, గదేదో గీడ కూసోని మాట్లాడకు."

ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పలేను. వాడు జేబులోంచి స్కెచ్ పెన్ను తీసి 'మౌనం' కింద 'తెలంగాణ కోసం' అని రాశాడు. ఆ క్షణం నుంచి నా వైద్యం ఉద్యమంలో కలిసిపోయింది.

మౌనానికి ఆకలితో పని లేదు కాబట్టి మధ్యాహ్నం కాగానే మెస్సు నుంచి నాకు అన్నం వచ్చేది. పక్కన నిరాహార దీక్షలో ఉన్నవాళ్లు నా పళ్లెం వంక చూసిన చూపులు చెప్పనలవి కాదు. మర్నాటికల్లా మౌన దీక్షకు ముగ్గురు కొత్తవాళ్లు తయారయ్యారు. ఒకడు టీలో చక్కెర తక్కువైందని నోరు జారాడు. ఇంకొకడు ఫోన్ మోగగానే హలో అన్నాడు. మూడోవాడు గట్టివాడే గాని మధ్యాహ్నం కునుకు తీస్తూ కలవరించాడు. నిద్రలో మాట్లాడితే దీక్ష చెల్లుతుందా చెల్లదా అని సాయంత్రం దాకా వాదించుకుని చెల్లదని తేల్చారు. చివరికి మళ్లీ నేనొక్కణ్నే మిగిలాను.

టీచరమ్మ చెప్పిన సాధన టెంటులో కూడా మానలేదు. పొట్ట మీద కందిపప్పు పొట్లంతో పడుకుంటే, కంది రైతులకు మద్దతుగా అని ఒక పేపర్లో వచ్చింది. ఒక సాయంత్రం ఎవరో నాయకుడు స్టేజీ మీద చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నాడు. ఆ పూట ఆవలింతలు బాకీ ఉన్నాయని గుర్తొచ్చి, నోరంతా తెరిచి నిదానంగా ఆవలించాను. ముందు వరసకు అంటుకుంది. అక్కడి నుంచి రెండో వరసకు పోయింది. కాసేపటికి ఆ నాయకుడు కూడా మాట మధ్యలో ఆవలించి, ఇంతటితో ముగిస్తున్నానన్నాడు. మా దోస్తు నా వీపు తట్టి, "నీ దీక్షతోని లాభమున్నది రా," అన్నాడు.

కోపం పోయిందని చెప్పను. వచ్చేది. ఎవడో ఏదో అనేవాడు, మెడ దగ్గర నరం లేచేది. మాట లేదు గనక ఏం చేయాలో తోచక ఊపిరిని పొట్టలోకి దింపేవాణ్ని. కోపం కాసేపు కూర్చుని, ఇక్కడ పని జరగదని తెలిసి లేచిపోయేది. రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది. అన్నం రుచిగా ఉండసాగింది, మెస్సు పప్పుతో సహా.

కష్టమంతా సాయంత్రాలకు వచ్చింది. మా జగడంలో సగం నాది కదా. టీచరమ్మ పేపర్లోంచి ఒక ముక్క చదివి అలవాటు కొద్దీ ఆగేది, నేను బుడగలు ఊదుతూ ఉండేవాణ్ని. తోచక కొన్నాళ్లు నా వంతు కూడా ఆమే మాట్లాడింది. "దానికి నువ్వేవంటావు? యాబై ఏండ్ల సంది మేవు ఆగినం అంటావు," అని నా యాసను ఆమె యాసలో పలికి, దానికి తనే జవాబు వెతుక్కునేది. ఒకరోజు వెతికి వెతికి పేపరు మడిచేసింది.

"నీ తరఫున నేను మాట్లాడితే నువ్వే గెలుస్తున్నావయ్యా. ఇదేం బాగోలేదు."

ఆ మర్నాడు ఆమె పేపరు తేలేదు. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను మెట్టు మీద గ్లాసుతో ఉన్నాను.

"ఒక మాట అడుగుతాను. నువ్వు అరవలేవు గనక ఇప్పుడే అడగాలి," అంది తలెత్తకుండా. "మీ రాష్ట్రం వస్తుంది. రానీ, మంచిదే. వచ్చాక నన్ను పొమ్మంటారా?"

నా బుడగలు ఆగిపోయాయి.

"మా ఊళ్లో నాకు గుమ్మం లేదు నాయనా. అమ్మానాన్నల ఇల్లు ఎప్పుడో చేతులు మారింది. మా ఆయన్ని ఇక్కడే మట్టి చేశాం. ఆ పక్కనే నా చోటు. చర్చిలో అందరం ఇదే ఆలోచిస్తున్నాం గాని, పైకి ఎవరం అనం."

ఇంతకు ముందు ఎవరైనా ఈ మాట అడిగితే నా దగ్గర జవాబులు వరసగా ఉండేవి. మా కొట్లాట ప్రజలతో కాదని, పాలకులతోనని స్టేజీల మీద ఎన్నోసార్లు చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. నోరు మూసుకుని ఆమె ముందు కూర్చుంటే అవన్నీ మైకులో చెప్పే మాటలనీ, చిక్కుడుకాయలు ఒలుస్తున్న మనిషికి చెప్పేవి కావనీ తెలిసింది. గట్టిగా తల అడ్డంగా ఊపాను.

"తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు."

జేబులోంచి పెన్ను తీశాను. "రాయకు. కళ్లజోడు లోపలుంది," అని పళ్లెం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. గదిలోకి పోయి రాద్దామని కూర్చున్నాను. ఎంత రాసినా కరపత్రంలాగే వచ్చింది. చింపేశాను. అన్నాళ్లూ నా గొంతు పాఠాల కోసం తిరిగి రావాలనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమెకు ఆ ఒక్క మాట చెప్పడానికి రావాలనుకున్నాను. రాకపోతే ఎలా అని చాలా భయపడ్డాను.

గడువు ముగిసే ముందు డాక్టరు మళ్లీ అద్దం పెట్టి చూశాడు. వాపు దిగిందన్నాడు. గడువు తీరాక మెల్లగా మాట్లాడొచ్చు గాని కొన్ని నెలల దాకా అరుపులు వద్దు, ఒక్క కేక వేసినా మొదటికొస్తుందన్నాడు. ఇదంతా కాగితం మీద రాసి మా దోస్తుకు చూపించాను. వాడప్పటికే దీక్ష విరమణకు ఏర్పాట్లు చేస్తున్నాడు. నిరాహార దీక్షను పెద్దవాళ్ల చేత నిమ్మరసం ఇప్పించి విరమింపజేయడం పద్ధతి. మౌన దీక్షకు ఏమివ్వాలో ఎవరికీ తెలియక దానికీ నిమ్మరసమే అనుకున్నారు. గుటక వేసి నేను మైకులో నినాదం అందుకోవాలి.

"ఒక్కటే ఒక్కటి రా. ఇన్ని దినాలు ఆగిన గొంతు. తార్నాక మొత్తం అదరాలె. పేపరోళ్లను గూడ పిలిచిన," అన్నాడు.

ఇంటికి పోయి, నిమ్మరసంతో దీక్ష విరమణ అని వాడు అచ్చేయించిన కరపత్రాన్నీ డాక్టరు చీటీనీ టీచరమ్మ చేతిలో పెట్టాను. ఈసారి కళ్లజోడు తెచ్చుకుని చదివింది.

"నిమ్మరసమా? నేనింత కష్టపడి నిలబెట్టిన గొంతులో నిమ్మరసం పోస్తారా?" అంది.

విరమణ రోజు టెంటు పట్టనంత మంది వచ్చారు. నా మెడ నిండా దండలు. దోస్తు నిమ్మరసం గ్లాసు పట్టుకుని, ఇవ్వాల్సిన పెద్దాయన కోసం చూస్తున్నాడు. అప్పుడు జనం వెనక తెల్లచీర కనబడింది. టీచరమ్మ. భుజానికి హ్యాండ్‌బ్యాగు, చేతిలో ఫ్లాస్కు. ఉద్యమానికి ముందు రోజూ పొద్దున క్యాంపస్ చెట్ల కిందే నడిచేది. గొడవలు మొదలయ్యాక ఇటు రావడమే మానేసింది. జనాన్ని తప్పించుకుంటూ ముందు దాకా వచ్చాక ఒక వలంటీరు ఆపాడు.

"ఎవలమ్మా మీరు?"

"ఆ అబ్బాయి గొంతుకి టీచర్నండి. ఆ నిమ్మరసం తాగించకండి. గోరువెచ్చని నీళ్లు తెచ్చాను."

యాస వినగానే చుట్టూ ఉన్నవాళ్లు అటు తిరిగారు. "ఆంధ్రా ఆమె," అన్నారెవరో. "మనోని దీక్ష ఆమె ఇడిపిచ్చుడేంది?" అన్నారు ఇంకెవరో వెనక నుంచి. ఎవరూ ఆమెను తిట్టలేదు, తొయ్యలేదు. దారి కూడా ఇవ్వలేదు. ఆమె ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడింది. చూస్తుండగానే ఆమె భుజాలు మెల్లగా పైకి లేచాయి. ఊపిరి పైనే ఆగిపోయింది. నాకు ఆ కాస్త సంగతి నేర్పిన మనిషి, నా వాళ్ల మధ్య నిలబడి ఊపిరి తీసుకోలేకపోతోంది.

లేచి నిలబడ్డాను. నినాదం ఇస్తున్నాననుకుని దోస్తు మైకు తెచ్చి నా మూతి దగ్గర పెట్టాడు. చేతులెత్తడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను భుజాలు దించి, పొట్ట నిండా గాలి తీసుకున్నాను.

"మీరు యాడికీ పోవద్దు టీచరమ్మా. ఇల్లు మీది. కిరాయికి ఉన్నోణ్ని నేను."

గొంతు వచ్చింది. సన్నగా, మెల్లగా, గేటు దగ్గర మాట్లాడుకునే తీరుగా వచ్చింది. నేను అరవకపోయినా మైకు దాన్ని రోడ్డు దాకా మోసుకుపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎత్తబోయిన చేతులు ఏం చేయాలో తెలియక సగంలో ఆగాయి. మా దోస్తు నన్ను చూశాడు, మైకును చూశాడు. తరవాత నిమ్మరసం గ్లాసు బల్ల మీద పెట్టేసి వలంటీరును పక్కకు జరిపి, "అమ్మా, ఇటు రాండ్రి," అన్నాడు. టీచరమ్మ వచ్చి ఫ్లాస్కు మూతలో నీళ్లు వంచింది. సగం నా దండల మీదే ఒలికిపోయాయి. ఆమె నా మొహంలోకి చూడలేదు.

"గొంతు శుభ్రంగా ఉంది," అంది. "ఊపిరి మాత్రం మధ్యలో తెగింది. ఇల్లు మీది అన్నాక ఒక్క క్షణం ఆగి తీసుకోవాల్సింది."

అప్పుడు మా దోస్తు తనే నినాదం ఎత్తుకున్నాడు. టెంటంతా లేచి అందుకుంది. అలవాటైన నోరు కదా, నాదీ తెరుచుకుంది. టీచరమ్మ టక్కున నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వాళ్లు అంటారులే," అంది. "నువ్వు తాగు."